పోపుల డబ్బాలో పదకొండు జంతువులు

2024 నవంబర్ చివర్లో ఒక పెద్దావిడ, వాళ్ళబ్బాయి కోఠీలో మా గదికి వచ్చారు. గది అంటే మేడ మీద పదడుగుల గది, ఒక ఇనప్పెట్టె, ఒక తక్కెడ, ఒక మంచి లైటు, అంతే. పాతికేళ్ళుగా నాణేలకి వెల కట్టడం, అమ్మేవాళ్ళని కొనేవాళ్ళని కలపడం నా పని. నా దగ్గరికి ఎక్కువగా వచ్చేవి అష్రఫీలు, అంటే నిజాం కాలం బంగారు నాణేలు, విక్టోరియా రాణి బొమ్మ కాసులు. కొత్త కాలపు విదేశీ బంగారు నాణేలు సెట్టుగా రావడం ఏడాదికి ఒకటో రెండో సార్లు, అందుకే ఈ కేసు మొదటి నుంచి రాసుకుంటూ వచ్చాను. నా పొరపాటు కూడా ఉంది ఇందులో, అది కూడా దాచకుండా చెప్తాను.

ఆవిడ గుడ్డ సంచిలోంచి ఒక స్టీలు పోపుల డబ్బా తీసి బల్ల మీద పెట్టారు. మూత తీస్తే ఏడు గిన్నెలు, జీలకర్ర వాసన ఇంకా పోలేదు, ఒక్కో గిన్నెలో రెండేసి గుండ్రటి ప్లాస్టిక్ క్యాప్సూళ్ళు, వాటిల్లో బంగారు నాణేలు. మొత్తం పద్నాలుగు. "దొంగ ఇల్లంతా గాలించినా పోపుల డబ్బా జోలికి రాడని మావారు అనేవారు బాబూ" అన్నారు. ఆయన కరెంటు ఆఫీసులో ఇంజనీరుగా రిటైరయ్యారట, పోయి ఏడాది దాటింది. కూతురు ఆస్ట్రేలియాలో, పెర్త్‌లో ఉంటుంది, వచ్చినప్పుడల్లా నాన్నకి ఒక నాణెం తెచ్చేది. తెచ్చిన ప్రతిసారీ ఎయిర్‌పోర్టులో చూపించి సుంకం కట్టించారు. నాణెం నగ కిందకి రాదు, నగలకి ఇచ్చే మినహాయింపు దీనికి వర్తించదు, ఈ సంగతి చాలామందికి తెలియదు గానీ ఆయనకి తెలుసు. కొన్న బిల్లులు, సుంకం రసీదులు అన్నీ ఒక పాత శుభలేఖ కవర్లో, సంవత్సరాల వరసలో ఉన్నాయి. ఇలాంటి కాగితాలు చూస్తే నాకు సగం టెన్షన్ అక్కడే తగ్గిపోతుంది.

పద్నాలుగులో పదకొండు పెర్త్ మింట్, అంటే అక్కడి టంకశాల, వేసిన లూనార్ సిరీస్‌వి. మనకి ప్రభవ, విభవ ఉన్నట్టు చైనావాళ్ళకి ఎలుక, ఎద్దు, పులి అని ఏడాదికో జంతువు, పన్నెండేళ్ళకి ఒక చుట్టు. పెర్త్ మింట్ మొదటి చుట్టు 1996లో ఎలుకతో మొదలై 2007లో పందితో ముగిసింది, రెండోది 2008 నుంచి 2019 దాకా, మూడోది 2020లో మొదలైంది. వీళ్ళవి రెండో చుట్టువి. 99.99 శాతం మేలిమి, ఒక వైపు జంతువు, ఇంకో వైపు ఎలిజబెత్ రాణి. సైజు పావు ఔన్సు, అంటే 7.776 గ్రాములు. ఒక ఔన్సువి, అంతకన్నా పెద్దవి కూడా దొరుకుతాయి కదా, ఇదే ఎందుకు తీసుకున్నారు అని అడిగితే ఆవిడ "కాసు బరువుకి దగ్గరగా ఉంటుందని" అన్నారు. కాసంటే మనకి 8 గ్రాములు, కాసులపేరు లెక్కలు చూసి పెరిగిన మనిషి ఔన్సుల్లో ఎందుకు ఆలోచిస్తాడు! చైనావాళ్ళ పాండా నాణేలు కూడా 2016లో ఔన్సులు వదిలేసి గ్రాముల్లోకి వచ్చాయి, అప్పట్నుంచి పావు ఔన్సు బదులు సరిగ్గా 8 గ్రాముల పాండా వస్తోంది, అది తెలిసుంటే ఆయన పాండాలే కొనేవారేమో.

మిగతా మూడూ బ్రిటన్ రాయల్ మింట్ వేసిన క్వీన్స్ బీస్ట్స్: సింహం, గ్రిఫిన్ (గద్ద తల, సింహం ఒళ్ళు ఉన్న కథల్లో మృగం), ఎర్ర డ్రాగన్. ఆ సిరీస్‌లో 2016 నుంచి 2021 దాకా పది మృగాలు వచ్చాయి, ఈయన 2017తో ఆపేశారు. పదిలో మూడు అంటే సెట్టు కాదు, వాటిని పక్కన పెట్టేశాను.

లూనార్ సెట్టు కూడా పూర్తిగా లేదు. ఎలుక, ఎద్దు, పులి, కుందేలు, ఆ తర్వాత పాము. 2012 డ్రాగన్ లేదు. ఈ మొత్తం సిరీస్‌లో ఎక్కువమంది వెతికేది సరిగ్గా అదే. చైనాలో డ్రాగన్ సంవత్సరం అంటే ఆ మోజే వేరు, ఏ మింట్ వేసినా డ్రాగన్‌కి గిరాకీ ఎక్కువ. "డ్రాగన్ ఏదమ్మా?" అన్నాను. కొడుకు కాస్త ఇబ్బందిగా నవ్వి చెప్పాడు: తన కొడుకు పుట్టింది 2012లో, బారసాలకి తాతగారు ఆ నాణేన్నే డాలర్ చేయించి మనవడి మెడలో వేశారట. అంటే టంకం పెట్టి రింగు అతికించారన్నమాట. నాణేలు పోగేసేవాళ్ళ లెక్కలో అది ఇక నాణెం కాదు. కరిగిస్తే కూడా టంకంలోని వెండి, రాగి కలిసి మేలిమి తగ్గుతుంది.

ఇక అసలువా కావా అన్న పని. కొత్త నాణేల్లో నకిలీలు వస్తున్నాయి కాబట్టి బిల్లు చూసి నమ్మను. మామూలుగా షాపుల్లో ఉండే క్యారెట్ మీటర్ పైపొర మాత్రమే చదువుతుంది, లోపల ఏముందో దానికి తెలియదు. అందుకని నీళ్ళలో తూకం వేస్తాను. మేలిమి బంగారం సాంద్రత 19.3, అంటే 7.776 గ్రాముల నాణెం నీళ్ళలో ముంచితే సుమారు 0.403 గ్రాముల బరువు తగ్గినట్టు కనపడాలి, దీనికి వెయ్యో వంతు గ్రాము చూపే తక్కెడ కావాలి, ఫ్యాను ఆపాలి, ఊపిరి కూడా అటు వదలకూడదు. చిక్కల్లా టంగ్‌స్టన్‌తోనే, దాని సాంద్రత 19.25, ఈ పరీక్షలో దొరకదు. అందుకే దానికి తోడు లోహంలో కరెంటు ఎంత సులువుగా పారుతుందో చూసే పరికరం ఒకటి వాడతాను, బంగారంతో పోలిస్తే టంగ్‌స్టన్ అందులో బాగా వెనకబడుతుంది. దక్షిణాఫ్రికావాళ్ళ 22 క్యారెట్ల క్రూగరాండ్ నాణెం లాంటి వాటికి ఈ బెడద తక్కువ, వాటి సాంద్రత 17.5 దగ్గర ఉంటుంది, టంగ్‌స్టన్ పెడితే బరువో కొలతో ఎక్కడో తేడా కొట్టి తీరుతుంది. పద్నాలుగూ అసలువే.

కానీ క్యాప్సూల్ తీసి భూతద్దం కింద పెట్టినప్పుడు రెండు విషయాలు బయటపడ్డాయి. పాము నాణెం మీద పొలుసుల సందుల్లో ఎర్రగా ఏదో ఉంది. మేలిమి నాణేల మీద ఒక్కోసారి ఎర్రటి మచ్చలు సహజంగానే వస్తాయి, అదే అనుకున్నాను. సూది మొనతో కాదు, తడి దూదితో మెల్లగా అద్ది చూస్తే వచ్చింది. కుంకుమ. ఆవిడ ఏటా నాగుల చవితికి ఆ నాణేన్ని పుట్టలో పాలు పోసే ముందు పూజలో పెట్టేవారట, అయిపోయాక కుంకుడుకాయ రసంలో నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో తోమేవారట. లైటు వంచి చూస్తే అద్దంలా ఉండాల్సిన చోటంతా వెంట్రుకల్లాంటి సన్నటి గీతలు, అన్నీ గుండ్రంగా, బ్రష్ తిరిగిన దారిలో. మేలిమి బంగారం మెత్తన, దాని మీద కుంచె కూడా పెట్టకూడదు. నేను చెప్పబోయి ఆగిపోయాను. ఆవిడకి అది పాము బొమ్మ నాణెం కాదు, నాగేంద్రస్వామి. ఎవరి వస్తువు ఎవరు ఎలా వాడుకోవాలో చెప్పడానికి నేనెవర్ని?

రెండోది చూస్తే మాత్రం కోపం వచ్చింది. ఎద్దు నాణెం అంచు ఒక చోట చదునుగా అరిగి ఉంది. నా దగ్గరికి రాకముందు కొడుకు ఒక నగల దుకాణానికి తీసుకెళ్ళాడు, అక్కడి కుర్రాడు క్యాప్సూల్ విప్పేసి గీటురాయి మీద రెండు గీతలు గీశాడు. పాత గాజుకి చేసినట్టే చేశాడు పాపం, వాడికి అదే నేర్పారు. ఆ దుకాణం చెప్పిన ధర కూడా అలాగే ఉంది: మన హాల్‌మార్క్ లేదు కాబట్టి 22 క్యారెట్ల రేటు కడతాం, పైన తరుగు తీస్తాం.

ఇలా ఒకవైపు నగల దుకాణం ధర. ఇంకోవైపు కొడుకు ఫోన్‌లో చూపించిన ధరలు, విదేశాల్లో ఎవరో అడుగుతున్నవి, డ్రాగన్‌కి బంగారం విలువకి రెట్టింపు దాకా. అడిగిన ధర వేరు, అమ్ముడుపోయిన ధర వేరు అని మొదట అది సర్దిచెప్పాల్సొచ్చింది. తర్వాత మింట్ కరపత్రం తీసి "సార్, 30,000 మాత్రమే వేశారు" అన్నాడు. నిజమే, కానీ ఆ హద్దు ఒక ఔన్సు నాణేనికి. చిన్న సైజులకి అలాంటి గరిష్ఠ సంఖ్య పెట్టలేదు, ఆ ఏడాది ముగిసేదాకా ఎన్ని అడిగితే అన్ని వేశారు. సిరీస్ పేరు చూసి కొనేవాళ్ళు ఎక్కువగా పొరబడేది ఇక్కడే, పేరు ఒకటే అయినా సైజుని బట్టి అరుదుతనం మారిపోతుంది.

మన ఊళ్ళో ఈ కొత్త సిరీస్‌లకి గిరాకీ ఎలా ఉంటుందో కూడా చెప్పాలి. పాత నాణేలకి హైదరాబాద్‌లో మంచి సేకర్తలున్నారు, చార్మినార్ బొమ్మ ఉన్న అష్రఫీ అంటే చేతులు చాచే మనుషులు. కొత్త బంగారు నాణేలంటే వాళ్ళకి చులకన, "మొన్న వేసింది, రేపు మళ్ళీ వేస్తాడు" అంటారు. ఆ మాటలో కొంత నిజముంది, క్వీన్స్ బీస్ట్స్ అయిపోగానే రాయల్ మింట్ ట్యూడర్ బీస్ట్స్ అని ఇంకో సిరీస్ మొదలెట్టింది. కొత్తవాటిని సిరీస్‌గా పోగేసేది ఎక్కువగా మాదాపూర్, గచ్చిబౌలి వైపు ఉద్యోగాలు చేసే పిల్లలు, ఒకప్పుడు విదేశాల్లో ఉండి వచ్చినవాళ్ళు. నాకు తెలిసి గట్టిగా కొనేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు.

వీళ్ళు కాక ఇంకో గిరాకీ ఉంది, అది బొమ్మని బట్టి, మనిషిని బట్టి వస్తుంది. 2023లో ఎన్టీఆర్ శతజయంతికి 100 రూపాయల స్మారక నాణెం వచ్చినప్పుడు, అందులో వెండి సగమే, అయినా జీవితంలో నాణెం పోగెయ్యని వాళ్ళు కూడా "ఒకటి ఇప్పించు" అని నాకు ఫోన్లు చేశారు. 2015లో కేంద్ర ప్రభుత్వం అశోక చక్రం, గాంధీ బొమ్మతో ఇండియా గోల్డ్ కాయిన్ తెచ్చింది, 5, 10 గ్రాముల్లో, మేలిమి, హాల్‌మార్క్ అన్నీ ఉన్నాయి, కానీ దాన్ని సేకరణ కోసం అడిగినవాడు నాకు ఇంతవరకూ తగల్లేదు, అందరికీ అది ధనత్రయోదశి బంగారమే. లూనార్ విషయంలో కూడా మనవాళ్ళ లెక్క వేరు. చైనాలో డ్రాగన్ అయితే ఇక్కడ ఎలుక అడుగుతారు, వినాయకుడి వాహనమని. ఎద్దు నంది. కోతి సంగతి చెప్పక్కర్లేదు, మంగళవారం వచ్చి అడిగినవాడున్నాడు. పందిని మాత్రం ఎవడూ ఇంట్లో పెట్టుకోనంటాడు. నేను ఒకరిద్దరికి "మన పాత బంగారు నాణెం వరహాకి ఆ పేరు వచ్చిందే వరాహం వల్ల కదయ్యా" అని చెప్పి ఒప్పించాను గానీ, నిజం చెప్పాలంటే అది వ్యాపారం మాట.

సరే, లెక్కలు. ఆ వారం మేలిమి గ్రాము 7,700 దగ్గర ఉంది. పదకొండు నాణేలు 85.5 గ్రాములు, బంగారం విలువే సుమారు 6 లక్షల 58 వేలు. మాదాపూర్‌లో ఒక కుర్రాడున్నాడు, నిజానికి నలభై దాటాయి, నాకు కుర్రాడే, అతనికి చూపించాను. పాము, ఎద్దు రెండింటికీ బంగారం ధర, మిగతా తొమ్మిదింటికీ బంగారం ధర మీద నాణేనికి ఇంకో 5,000, అంటే మొత్తం మీద 45,000 ప్రీమియం ఇస్తానన్నాడు, డ్రాగన్ లేకపోయినా. ఈ రోజు తలుచుకుంటే మంచి బేరం. అక్కడే ఇచ్చేయాల్సింది.

నేను వద్దన్నాను. డ్రాగన్ దొరికితే పన్నెండూ కలిపి సెట్టు అవుతుంది, సెట్టుకి ఇంకా బాగా పలుకుతుంది, ఒక రెండు నెలలు ఓపిక పట్టండి అని ఆ తల్లీకొడుకులకి నేనే చెప్పాను. పాత నాణేల్లో ఈ సూత్రం నాకు చాలాసార్లు పనిచేసింది. పావు అష్రఫీ, అర అష్రఫీ, అష్రఫీ అన్నీ ఒకే సంవత్సరానివి కుదిరితే విడివిడి ధరల మొత్తం కన్నా ఎక్కువ వస్తుంది, ఎందుకంటే అలా కుదరడం కష్టం. లూనార్ డ్రాగన్ కుదరడం కష్టం కాదు, డబ్బులు పెడితే దొరుకుతుంది. ఆ తేడా నాకు అప్పుడు తట్టలేదు. గ్రేడింగ్‌కి పంపుదామా అని కూడా కొడుకు అడిగాడు, ఎన్‌జీసీ, పీసీజీఎస్ వాళ్ళు 70 మార్కుల స్కేలు మీద నాణేనికి మార్కులేసి ప్లాస్టిక్ పలకలో బిగించి ఇస్తారు కదా అని. పావు ఔన్సు బులియన్ నాణేలకి, అంటే ముఖ్యంగా లోహం విలువ మీద అమ్ముడయ్యేవాటికి, అమెరికా దాకా పంపి, బీమా కట్టి, తిరిగొచ్చేటప్పుడు కస్టమ్స్‌లో నిలబడేంత లాభం లేదు, అది వద్దన్నందుకు మాత్రం నాకు విచారం లేదు.

డ్రాగన్ 2025 ఫిబ్రవరిలో బెంగళూరు నుంచి దొరికింది. ఆనాటికి బంగారం గ్రాము 8,700, నాణెం బంగారం విలువ 67,650 అయితే ఆ పెద్దమనిషి 88,000 కన్నా తగ్గలేదు. కుటుంబం డబ్బే పెట్టించాను, నా మాట మీద. అంటే ప్రీమియం కిందే 20,350 ఖర్చు.

ఏప్రిల్‌కి సెట్టు ముస్తాబు చేసి మళ్ళీ మాదాపూర్ అతన్ని పిలిచాను. అప్పటికి మేలిమి గ్రాము 9,500 చేరింది, ఆ నెలలోనే పది గ్రాములు లక్ష రూపాయలు కూడా తాకింది. పన్నెండు నాణేల బంగారం విలువే 8,86,464. అతను చాలాసేపు క్యాలిక్యులేటర్ చూసుకుని, "అన్నా, నవంబర్‌లో ఏడు లక్షలకి మా ఇంట్లో ఒప్పుకున్నారు, ఇప్పుడు బంగారానికే తొమ్మిది అవుతోంది, దాని మీద ఇంకా బొమ్మకి డబ్బులంటే ఎలా?" అన్నాడు. మొత్తం సెట్టుకి బంగారం విలువ మీద ఇంకో 40,000 ఇస్తానన్నాడు, డ్రాగన్‌తో సహా. ఇంకో ఇద్దరిని అడిగాను, ఒకడు పదో వంతు ఔన్సు సైజుకి దిగిపోయానన్నాడు, ఇంకొకడు బంగారం మానేసి వెండి లూనార్ మొదలెట్టాడు.

సేకర్త దగ్గర ఉండేది ఒక మొత్తం. లోహం పెరిగేకొద్దీ ఆ మొత్తంలో బొమ్మకి మిగిలేది తగ్గిపోతుంది. వందేళ్ళ నాటి అష్రఫీకి ఈ బాధ తక్కువ, దాని ధరలో లోహం ఒక భాగమే. వీటి ధరలో లోహమే దాదాపు అంతా, ప్రీమియం పైన పల్చటి పూత. అది 2025లో అందరి కళ్ళ ముందూ కరిగింది, నేను చూస్తూ చూస్తూ దానికోసం ఇంకొకరి 20,000 తగలేశాను.

కాబట్టి నికరంగా చూస్తే, నవంబర్‌లో 45,000 వచ్చే ప్రీమియం ఏప్రిల్‌లో డ్రాగన్ ఖర్చు పోగా 19,650 అయింది. కొడుకు మాత్రం ఖుషీగా ఉన్నాడు, ఎందుకంటే అదే నాలుగున్నర నెలల్లో వాళ్ళ పదకొండు నాణేల బంగారం ఒక్కటే లక్షన్నర పెరిగింది. "మీరు ఆపడం వల్లే కదా సార్" అన్నాడు. కాదు బాబూ, నేను ఆపింది వేరే కారణానికి, వచ్చింది వేరే దారిన, బంగారం పడిపోయి ఉంటే ఇదే నోటితో నన్ను తిట్టేవాడివి అని నవ్వుతూనే చెప్పేశాను. నా కమిషన్ సగం తీసుకున్నాను.

డబ్బు బ్యాంకు ద్వారానే జరిగింది. 2 లక్షలు, ఆపైన నగదుగా తీసుకోకూడదు, ఎంత తెలిసినవాళ్ళయినా సరే ఈ విషయంలో నేను మొహమాటపడను. పన్ను దగ్గర ఆయన శుభలేఖ కవరు బాగా అక్కరకొచ్చింది. వారసత్వంగా వచ్చినవాటికి ఆయన కొన్న ధర, ఆయన కొన్న తేదీలే లెక్క, 24 నెలలు ఎప్పుడో దాటాయి కాబట్టి లాభం మీద 12.5 శాతం కట్టారు. కొత్త డ్రాగన్ రెండు నెలలదే కదా, దాని లెక్క వేరు, ఆడిటర్‌కి ముందే చెప్పమన్నాను. క్వీన్స్ బీస్ట్స్ మూడింటినీ వేరే బంగారం వ్యాపారికి ఇప్పించాను, తూకం ముందు పెట్టి పరీక్ష చేయించి మేలిమి రేటుకి ఒకటిన్నర శాతం తక్కువకి, ఒక్క పూటలో అయిపోయింది. వాటితో నేను ఏ తెలివీ చూపించలేదు.

చివరి రోజు ఆవిడ ఖాళీ పోపుల డబ్బా సంచిలో సర్దుకుని, పర్సులోంచి ఒక సన్నటి గొలుసు తీశారు. దానికి డ్రాగన్. మనవడు స్నానానికి, ఆటకి, నిద్రకి తీయకుండా పన్నెండేళ్ళు వేసుకున్నాడేమో, డ్రాగన్ పొలుసులన్నీ అరిగి నున్నగా అయిపోయాయి, రాణి ముక్కు ఎక్కడుందో వెతకాలి, రింగు పక్కన టంకం కాస్త నల్లబడింది. అలవాటు కొద్దీ చెయ్యి తక్కెడ వైపు వెళ్ళింది. "అమ్మేదైతే మాత్రం బంగారం రేటే వస్తుందమ్మా, అది కూడా కరిగించాక తేలే మేలిమికి" అన్నాను.

"అమ్మడానికి కాదు బాబూ, రింగు లూజయింది. పడిపోతుందేమోనని భయం. మంచి పనివాడెవరైనా ఉంటే చెప్పు."

సికింద్రాబాద్ పాట్ మార్కెట్‌లో నాకు తెలిసిన పనివాడి అడ్రస్ రాసిచ్చాను.